గుండీలే మిగిలాయి

మా కొట్లో ఒక మాట ఉండేది. ఎవరొచ్చి "మా బట్టలు అయ్యాయా?" అని అడిగినా, మాస్టారు మిషను మీంచి తల ఎత్తకుండానే "అయిపోయినట్టే. గుండీలే మిగిలాయి" అనేవారు. అప్పటికి ఆ గుడ్డ కట్ట కూడా విప్పకుండా బల్ల కింద పడి ఉండేది. ప్యాంటుకీ అదే మాట, పిల్లల గౌనుకీ అదే మాట. ఒకసారి ఒకావిడ కిటికీ తెరలు కుట్టమని ఇచ్చి, అడగడానికి వస్తే ఆవిడతోనూ అదే అన్నారు. తెరలకి గుండీలేమిటని ఆవిడా అడగలేదు, ఈయనా ఆలోచించలేదు.

ఆ గుండీలు కుట్టేదాన్ని నేనే. మా ఆయన పోయిన దగ్గర్నుంచి ఆ కొట్లో కిటికీ పక్కన పీట వేసుకుని కాజాలు, గుండీలు, అంచులు కుట్టేదాన్ని. ఊళ్ళో ఎవరి బట్టలు ఆలస్యమైనా ఆ పాపం నా నెత్తిన పడేది. అందరూ నన్ను గుండీలత్త అనేవాళ్ళు. ఒకాయన బజార్లో నన్ను ఆపి, "ఏం గుండీలత్తా, నా చొక్కా గుండీలు ఇంకా పూత మీద ఉన్నాయా, పిందె పడ్డాయా?" అని అడిగాడు. అప్పటికి ఆయన చొక్కా నా ఒళ్ళోకి రానే లేదు. వచ్చిన రోజున భోజనం వేళ లోపల కుట్టి పారేశాను. అయినా పేరు పేరే.

మాస్టారు చెడ్డ మనిషి కాదు. చెయ్యి మంచిది. ఆయన కత్తిరించిన కోటు వేసుకుంటే గూనివాడు కూడా నిటారుగా కనిపిస్తాడు. వచ్చిన ప్రతి గుడ్డా తీసుకోవడం, ఎవరికీ కాదని చెప్పలేకపోవడం, అదే ఆయన జబ్బు.

అలాంటి కొట్టుకి ఆయన తమ్ముడి కూతురు వచ్చింది. తండ్రి లేడు. తల్లి వాళ్ళ ఊరి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. పిల్ల బడి చదువు అయిపోయి, కటింగ్ నేర్చుకోవాలని పెట్టె పట్టుకుని పెదనాన్న దగ్గరికి బస్సెక్కి వచ్చింది. కుట్టడం దానికి అప్పటికే వచ్చు. గుడ్డ మీద సుద్దతో గీత గీసి ఆ గీత వెంట కత్తెర నడిపించాలని దాని ఆశ. మాస్టారు కత్తిరిస్తుంటే అది కన్నార్పకుండా చూసేది.

"ముందు కౌంటరు దగ్గర నిలబడు" అన్నారు మాస్టారు. "వచ్చేవాళ్ళతో మాట్లాడటం నేర్చుకో. అది వస్తే కత్తెర చేతికిస్తాను."

ఆ పిల్ల బాప్తిస్మం తీసుకుని ఇంకా ఏడాది కాలేదు. వాళ్ళింట్లో అంతకు ముందు ఎవరికీ ఆ ఊసే లేదు. నేనైతే పుట్టుకతోనే సంఘంలో దాన్ని. పాటలన్నీ నోటికి వచ్చు, ఏ పాటకి ఎవరు గొంతు తప్పుతారో కూడా తెలుసు. మాస్టారికి దేవుడంటే అంత భయం లేదు, పన్నులవాళ్ళంటే ఉంది. అందుకని ఆదివారాలు ఆ పిల్ల నాతో వచ్చేది. నా పక్కన కూర్చుని, చెప్పిన ప్రతి మాటా కొత్త ఊరికి దారి చెబుతున్నట్టు వినేది.

అది కౌంటరు దగ్గర నిలబడ్డాక బడి పెద్ద పంతులమ్మ వచ్చింది. "నా కోటు అయిందా అమ్మాయ్?"

పిల్ల లోపలికి వచ్చింది. బల్ల కింద వంగి చూసింది. మళ్ళీ బయటికెళ్ళి, "లేదండీ. ఇంకా కట్ట విప్పలేదు" అంది.

కొట్లో మిషను ఆగిపోయింది. ఇస్త్రీ చేసే అతను పెట్టె గాల్లో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"మొన్న గుండీలే మిగిలాయన్నారే మీ పెదనాన్న?"

"అది నాకు తెలియదండీ. గుడ్డ మాత్రం కట్టలోనే ఉంది. మిమ్మల్ని తిప్పినందుకు క్షమించండి."

పంతులమ్మ ఆ కట్ట తెప్పించుకుని, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆవిడ మలుపు తిరిగేదాకా మాస్టారు వీధిలోకే చూశారు. తర్వాత టేపు మెళ్ళోంచి తీసి బల్ల మీద పడేశారు.

"ఏమే, నీకు మాట్లాడటం నేర్పింది ఎవరు?"

"ఆవిడ అడిగింది పెదనాన్నా. చెప్పాను."

"అడిగినదానికల్లా చెప్పేస్తారా? గుండీలే మిగిలాయనడం అబద్ధం కాదే పిచ్చిదానా. మర్యాద. ఇంకా కాలేదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరికీ తెలిసింది అబద్ధం ఎలా అవుతుంది?"

"ఇద్దరికీ తెలిసిందే అయితే, అదే చెప్పేద్దాం కదా పెదనాన్నా."

ఇస్త్రీ అతను కిసుక్కుమన్నాడు. మాస్టారు అతని వైపు చూసేసరికి మళ్ళీ ఇస్త్రీలో పడ్డాడు.

"ఇది నువ్వు వెళ్ళే ఆ ప్రార్థనల్లో చెప్పిందా?"

"అవునంటే అవునని, కాదంటే కాదని ఉండాలట మాట. ప్రభువు చెప్పాడు. ఆదివారం విన్నది సోమవారం కౌంటరు దగ్గర చెయ్యకపోతే, నేను ఆయన్ని మెచ్చుకున్నట్టే గానీ నమ్మినట్టు కాదు కదా."

ఆ మాట నేను చిన్నప్పటి నుంచి వింటున్నదే. కోర్టులో సాక్ష్యం చెప్పేవాళ్ళ కోసమేమో అనుకునేదాన్ని. దానికీ గుండీలకీ సంబంధం ఉందని నాకెప్పుడూ తట్టలేదు. సూదిలో దారం ఎక్కించుకోబోతూ అలాగే ఉండిపోయాను.

మాస్టారు గట్టిగా ఒక ఊపిరి వదిలారు. "సరే. నా మాట కూడా విను. నీ నోటి వల్ల ఇంకొక్క బేరం వెనక్కి పోయిందా, ఆ సాయంత్రం బస్సుకి నువ్వు మీ అమ్మ దగ్గరికి. కటింగూ లేదు, గిటింగూ లేదు."

పిల్ల కొక్కేనికి వేలాడే కత్తెర వైపు చూసింది. "అలాగే పెదనాన్నా" అంది.

ఆ మర్నాడు పొద్దున్నే కొట్టు వెనక గదిలో అది ఒక్కతే నిలబడి కళ్ళు తుడుచుకుంటూ కనిపించింది. "పోనీ ఒక్క మాటే కదే" అన్నాను. "ఆయనన్నట్టు, అందరికీ తెలిసిందేగా."

"నాకు భయం లేదనుకుంటున్నారా అత్తా? అమ్మ దగ్గరికి పోతే కత్తెర పట్టుకోవడం ఇక ఉండదు. దుప్పట్లే. అక్కడ కూడా మంచివాళ్ళే ఉన్నారు, కానీ నాకు ఇది కావాలి." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ప్రభువు చెప్పినట్టు చెయ్యడం నా పని. చేశాక ఏమవుతుందో చూసుకోవడం ఆయన పని. అలా అనుకోకపోతే ఈ గుమ్మం దాటి కౌంటరు దాకా కూడా వెళ్ళలేను."

దాటింది. రోజూ దాటింది.

నిజం చెప్పి చేతులు దులుపుకునే రకం కాదది. పొద్దున్నే మాస్టారి పక్కన నిలబడేది.

"ఇవాళ ఏవి అవుతాయి పెదనాన్నా?"

"అన్నీ అవుతాయి."

"అన్నీ కావు కదా."

"అయితే ఏదీ కాదు, పో."

"పోస్టాయన చొక్కాలు అవుతాయా?"

మాస్టారు విసుక్కుంటూ లెక్క వేసుకునేవారు. ఎవరికి ఏది ఎప్పుడవుతుందో అంతకు ముందు ఆయనకే తెలియదు. ఆయన అవుతుందన్నది పిల్ల బయటికి చెప్పేది. చెప్పాక, అది అవడానికి తనే మిషను దగ్గర కూర్చునేది. ఒకసారి మిషను బెల్టు తెగి పోస్టాయన చొక్కాలు చెప్పిన పూటకి కాలేదు. ఆయన వచ్చేదాకా ఆగకుండా వానలో గొడుగేసుకుని వాళ్ళింటికి వెళ్ళింది.

"కాలిపోయాయా?" అన్నాట్ట ఆయన తలుపు తీయగానే.

"లేదండీ. ఇవాళ అవుతాయన్నాను, అవలేదు. అది చెబుదామని వచ్చాను."

"అది చెప్పడానికి వానలో వచ్చావా? మీ కొట్టు నుంచేనా?" అని ఆయన మళ్ళీ మళ్ళీ అడిగాట్ట. కోప్పడదామనుకుని మర్చిపోయాడట.

ఇస్త్రీ అతను దానికి లేదమ్మ అని పేరు పెట్టాడు. ఎవరేం అడిగినా లేదండీ అంటుందని. "లేదమ్మగారూ, టీ ఉందా?" అనేవాడు. ఉంటే "ఉంది మామయ్యా" అని నవ్వుతూ పోసేది. అతను ఎంత ఏడిపించినా దాని మొహం మీద చిరాకు చూడలేదు నేను. అతని చెయ్యి కాలి కట్టు కట్టుకున్న రోజుల్లో ఆ బొగ్గులపెట్టె నింపిందీ, బూడిద దులిపిందీ అదే. ఆ తర్వాత కూడా లేదమ్మ అనే పిలిచాడు కానీ, గొంతు మారింది.

ఇంతలో బ్యాండు వాళ్ళ పని వచ్చింది. ఏటి మీద కొత్త వంతెన తెరుస్తున్నారు. దానికి వాయించే బ్యాండు జట్టుకంతా కొత్త కోట్లు. జట్టు నాయకుణ్ణి అందరం బ్యాండాయన అంటాం. పెద్ద పొట్ట, అంతకన్నా పెద్ద గొంతు. మాస్టారికి చాలా కాలం తర్వాత వచ్చిన పెద్ద బేరం అది. ఎర్ర కోట్లు గోడ పొడుగునా వేలాడుతుంటే ఇస్త్రీ అతను, "మనకేం లోటు మాస్టారూ, కొట్టు నిండా కోట్లే. చిల్లరే లేదు" అన్నాడు. ఆ రోజు మాస్టారు కూడా నవ్వారు.

అన్నీ అయ్యాయి గానీ ఇత్తడి గుండీలు రాలేదు. పంపేవాడు ఇదిగో అదిగో అంటూ, వంతెన తెరవడానికి ముందు రోజు పొద్దున పంపాడు. రెండేసి వరసలు, ఒక్కొక్కటీ చేత్తో కుట్టాలి. నేను తల వంచానంటే ఎత్తలేదు. మధ్యాహ్నం ఫోను మోగింది. పిల్ల తీసింది. బ్యాండాయన గొంతు ఫోనులోంచి నా పీట దాకా వినిపించింది.

"కోట్లు అయ్యాయా?"

పిల్ల నోరు తెరిచి, ఆగిపోయింది. దానికి అప్పుడు అర్థమైంది. నాకూ అర్థమైంది. నిజం ఏమిటంటే, గుండీలే మిగిలాయి.

మాస్టారు కత్తిరించే బల్ల దగ్గర్నుంచి రెండు చేతులూ ఊపుతున్నారు. అయిపోయాయని చెప్పు, అయిపోయాయని. గొంతు రాకుండా పెదాలతోనే చెబుతున్నారు. చెప్పినా పెద్ద తప్పయ్యేది కాదు. సాయంత్రానికి అది నిజమే అయ్యేది. బ్యాండాయన వచ్చి కోట్లు తీసుకెళ్ళేది కూడా సాయంత్రమే.

పిల్ల కళ్ళు ఒక్క క్షణం మూసుకుంది. "ఇంకా లేదండీ" అంది. "గుండీలే మిగిలాయి. నాలుగింటికి అయిపోతాయి."

అవతల పిడుగు పడింది.

"ఆ మాట నాకు చెప్పకు. మీ పెదనాన్న నా పెళ్ళి కోటుకీ గుండీలే మిగిలాయన్నాడు. నా పెళ్ళి ఫోటోలో నేను మా మామగారి కోటులో ఉన్నాను, తెలుసా? అంటే ఇంకా కత్తెర కూడా పెట్టలేదన్నమాట. చాలు. నేను అద్దె కోట్లు చూసుకుంటాను."

"నిజంగానే గుండీలే అండీ" అని పిల్ల అనేలోపే ఫోను పెట్టేశాడు.

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. దాని వైపు చూడకుండా, "చెప్పాను కదా. సాయంత్రం బస్సు" అన్నారు.

"అలాగే పెదనాన్నా."

లోపలికెళ్ళి పెట్టె సర్దుకుంటుందనుకున్నాను. నా పక్కకి పీట లాక్కుని కూర్చుని ఒక కోటు ఒళ్ళోకి తీసుకుంది. సూది అడిగింది.

"ఇంకెందుకే" అన్నాను.

"నాలుగింటికి అన్నాను కదా అత్తా."

"ఆయన వినలేదు. పెట్టేశాడు."

"నేను అన్నాను కదా."

మొదటి గుండీకి దారం రెండుసార్లు చిక్కుపడింది. తర్వాత కుదురుకుంది. నేను ఆ సంఘంలో ఎన్నో ప్రసంగాలు విన్నాను, కన్నీళ్ళు పెట్టుకున్నవి కూడా ఉన్నాయి. ఏదీ నన్ను అంత సేపు అంత నిటారుగా కూర్చోబెట్టలేదు. నాలుగు కొట్టక ముందే చివరి కోటు గోడకెక్కింది.

మాస్టారు లేచారు. వరసగా ప్రతి కోటూ ముట్టుకుని చూశారు. గుండీ పట్టి లాగారు. ఏమనుకున్నారో, "పట్టుకోండి. పోదాం" అన్నారు. కోట్లు తలా కొన్ని భుజాన వేసుకుని, మాస్టారు ముందు, పిల్ల వెనక, ఆ వెనక నేను, బ్యాండు వాళ్ళ షెడ్డుకి వెళ్ళాం.

అక్కడ అద్దె కోట్లు వచ్చేశాయి. జట్టంతా వేసుకుని చూసుకుంటున్నారు. పొడుగ్గా ఉన్న బాకావాడికి చేతులు మోచేతి దగ్గరే ఆగిపోయాయి. డోలువాడు కోటులో ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. బ్యాండాయన మమ్మల్ని చూసి, మా భుజాల మీది కోట్లు చూసి, దగ్గరికొచ్చాడు. ఒక గుండీ పట్టుకుని మెలి తిప్పాడు. ఊడలేదు.

"నిజంగానే గుండీలే మిగిలాయా?"

"నిజంగానే" అన్నారు మాస్టారు.

"మరి నేనెలా నమ్మను మాస్టారూ? ఇన్నేళ్ళుగా..."

"నువ్వు నమ్మనిది దీన్ని కాదు" అన్నారు మాస్టారు. నేల చూస్తున్నారు. "నన్ను. దాని నోట్లో మాట కూడా నేనే పాడు చేసి పెట్టాను."

ఆయన అలా ఎవరి దగ్గరా మాట్లాడగా నేను వినలేదు. బాకావాడు అప్పటికే అద్దె కోటు విప్పేస్తున్నాడు. "ఇవి వేసుకుందాం అన్నా. ఇది వేసుకుని ఊదితే వీపు దగ్గర చిరుగుతుంది."

"చిరిగితే చిరగనీ" అన్నాడు బ్యాండాయన. "అద్దె కొట్టువాడికి రేపు వేసుకుంటామని మాటిచ్చాను. ఇంకెవరికో ఇవ్వాల్సినవి మనకి తెచ్చిపెట్టాడు." తల గోక్కున్నాడు. ఎర్ర కోట్ల వైపు చూస్తే మనసు లాగుతోందని తెలుస్తోంది. పిల్ల వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వే చెప్పు. నువ్వైతే ఏం చేస్తావు?"

ఇవే వేసుకోండి అంటే చాలు. బేరం నిలబడుతుంది, బస్సు తప్పుతుంది. నేను దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, ఆ మాటే అనవే అన్నట్టు.

"మాటిచ్చారు కదండీ" అంది పిల్ల. "వాళ్ళవే వేసుకోండి."

బాకావాడు మూలిగాడు. బ్యాండాయన మా భుజాల మీది ఎర్ర కోట్లు చూపించాడు. "మరి ఇవి?"

"మీ ఇష్టమండీ."

"నా ఇష్టమేంటి, నా కొలతలవి. ఈ పొట్టకి ఇంకెవడు సరిపోతాడు? వంతెన అయిపోగానే వచ్చి పట్టుకెళ్తాం. ఆ తర్వాత వాయించాల్సినవి ఇంకా ఉన్నాయి." అని అద్దె కోటులోకి మళ్ళీ దూరడానికి ప్రయత్నం మొదలుపెట్టాడు.

కొట్టుకి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. మాస్టారు కోట్లు మళ్ళీ గోడకి తగిలిస్తున్నారు. పిల్ల లోపలి గదిలోంచి పెట్టెతో వచ్చింది.

"ఎక్కడికి?"

"బస్సుకి పెదనాన్నా."

"ఎవరు పొమ్మన్నారు?"

"మీరే."

"నేను రోజూ బోలెడు అంటాను. ఊళ్ళో ఎవరైనా నా మాట పట్టించుకుంటారా?"

"నేనూ పట్టించుకోకపోతే, నేనూ ఆ ఊళ్ళోవాళ్ళలాగే అయినట్టు కదా."

మాస్టారి చేతిలో కోటు అలాగే ఉండిపోయింది. ఆయన మాట మీద ఒక మనిషి పెట్టె సర్దుకోవడం అదే మొదటిసారి. అది ఆయనకి దెబ్బ తగిలినట్టూ ఉంది, ఏదో చేతిలో పెట్టినట్టూ ఉంది. నుదురు రుద్దుకున్నారు. ఇస్త్రీ అతను చేతిలోని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "మాస్టారూ, మీరన్నదేమిటో సరిగ్గా గుర్తు తెచ్చుకోండి" అన్నాడు మెల్లగా.

"ఏమన్నాను? బేరం వెనక్కి పోతే అన్నాను." మాస్టారు వేలెత్తారు. "పోయిందా? ఏమే, పోయిందా? వచ్చి పట్టుకెళ్తానన్నాడా లేదా?"

"అన్నాడు."

"అన్నవాడు ఎలాంటివాడు? చిరిగిన కోటైనా వేసుకుని మాట నిలబెట్టుకునే రకం. అవునా?"

"అవును పెదనాన్నా."

"అయితే బేరం పోలేదు. నా మాట ప్రకారం నువ్వు పోకూడదు."

పిల్ల కాసేపు ఆలోచించింది. ఆ మాటని అన్ని వైపుల నుంచీ తిప్పి చూస్తున్నట్టు. "నిజమే" అంది. పెట్టె కింద పెట్టింది. అప్పుడు ఏడ్చింది.

మాస్టారికి ఏడుపులు చేతకావు. ఇటూ అటూ చూసి, బల్ల మీద ఒక బూడిద రంగు గుడ్డ పరిచారు. సుద్దతో గీతలు గీశారు. కొక్కేనికి వేలాడే పెద్ద కత్తెర తీసి పిడి దాని వైపు తిప్పి పట్టుకున్నారు.

"ఎవరిది పెదనాన్నా ఈ గుడ్డ?"

"ఆసుపత్రి పెద్ద నర్సుది. పాడు చేశావంటే సూది మందు పొడుస్తుంది. నెమ్మదిగా కానీ."

పిల్ల చేతులు పావడాకి తుడుచుకుని కత్తెర అందుకుంది. అది మొదటి గీత వెంట సగం దూరం వెళ్ళిందో లేదో, గుమ్మంలో ఆ పెద్ద నర్సే నిలబడి ఉంది.

"నాది అయిందా మాస్టారూ?"

మేమందరం ఆయన వైపు చూశాం. అలవాటుకొద్దీ ఆయన నోరు తెరుచుకుంది. మూసుకుంది. మందు మింగినట్టు మింగి, "లేదమ్మా" అన్నారు. "మా తమ్ముడి కూతురు ఇప్పుడే కత్తిరిస్తోంది. చాలా ఆలస్యం చేశాను."

నర్సు లోపలికి తొంగి చూసింది. నేను పీట జరిపాను. వచ్చి నా పక్కన కూర్చుంది. పిల్ల గీత మీంచి కళ్ళు తిప్పలేదు, దాని కత్తెర చప్పుడు వింటూ అందరం అలాగే ఉండిపోయాం.